బావ చేసిన రాణిగారి పెట్టె

మా బావ పోయి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. ఆ మధ్యాహ్నం నేను పోర్టులో డ్యూటీలో ఉన్నాను. యారాడ నుంచి వాళ్ళ పక్కింటావిడ ఫోన్ చేసింది. "మీ బావ పెరట్లో పని సేత్తా సేత్తా ఒరిగిపోనాడు బాబూ. లేపితే లెగట్నేదు" అంది. వెనక నుంచి మా అక్క గొంతు వినిపించింది. "మేస్త్రీకి మంచినీళ్ళియ్యండి" అంటోంది.

మేస్త్రీ అంటే మా బావే. ఆమె మొగుడే.

బావ పడవల వడ్రంగి. హార్బర్‌లో ఎన్నో ఏళ్ళు చెక్క పడవలు కట్టాడు. ఫైబర్ పడవలు వచ్చాక తలుపులూ కిటికీలూ చేసుకుంటూ బతికాడు. చెవి మీద పెన్సిల్ తీయకుండానే భోజనానికి కూర్చునేవాడు. అక్క తీసి పక్కన పెట్టేది. మా నాన్న పోయాక నన్ను ఐటీఐలో చేర్పించి, డ్రాయింగు పరీక్షకి ముందు పక్కన కూర్చుని గీతలు గీయించింది ఆయనే. "ముందు సూడాల, తరవాత కొలవాల, కొయ్యడం ఆఖర్ని" అనేవాడు. ఆ గీతల మీదే ఇన్నేళ్ళుగా నా ఇల్లు నడుస్తోంది.

వాళ్ళకి పిల్లలు లేరు. మూడేళ్ళ కిందట అక్కకి మతిమరుపు మొదలైంది. ఇది తగ్గే జబ్బు కాదని డాక్టరు ముందే చెప్పేశాడు. రోజూ సాయంత్రం టీవీలో రాజుల కాలం నాటి సీరియల్ ఒకటి వచ్చేది. అందులో రాణి మంచం పక్కన ఒక నగల పెట్టె, మూత మీద రెండు చిలకలు. ఒకరోజు అక్క దాన్ని చూపించి, "అది నా పెట్టి. ఎవులు అట్టుకెల్లిపోనారో" అంది. మా అక్కకి ఏనాడూ నగల పెట్టె లేదు. పెళ్ళికి అమ్మ ఇచ్చిన రేకు పెట్టె ఒక్కటే. అయినా అప్పట్నించి వెతకడం మొదలెట్టింది. బియ్యం డబ్బాలో, మంచం కింద, పక్కిళ్ళలో. ఒకసారి బీచ్ దాకా వెళ్ళి, వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళని అడిగింది. అన్నం పెడితే "పెట్టి దొరికినాక తింటాను" అని కంచం తోసేసేది.

"సేసిచ్చేత్తాను. బొమ్మలో అగుపడతంది కదేటి" అన్నాడు బావ.

గోపాలపట్నంలో మా ఇంట్లో నేను సీరియల్ పెట్టుకుని, పెట్టె కనపడినప్పుడల్లా ఫోన్‌తో ఫొటో తీసేవాణ్ణి. ఆదివారం తీసుకెళ్ళి చూపించేవాణ్ణి. బావ కళ్ళజోడు సర్దుకుని రాణి చేతిని బట్టి కొలత కట్టాడు. "రాణి జాన మీ అక్క జానంత అనుకుందాం. అంటే జానన్నర పొడుగు." పెట్టె వెనకవైపు సీరియల్లో ఎప్పుడూ చూపించలేదు. అక్కడేం చెక్కాలో తెలీక వారం రోజులు పని ఆపేశాడు. చివరికి చిలకల తోకల్ని వెనక దాకా దించాడు. "టీవీవోలు ఎనకాల ఏటీ సెక్కుండరు. అది అట్ట పెట్టి రా. ఇది టేకు" అన్నాడు.

అక్క ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుంది. చిలకల్ని తడిమింది. "బాగుంది. కానీ నాది కాదు" అంది.

రంగు ముదురుగా వేసి రెండోది చేశాడు. కాదంది. ఇత్తడి గడియ పెట్టి మూడోది చేశాడు. దాన్ని ఒక పూట ఒప్పుకుంది. దువ్వెన, రెండు పిన్నీసులు, సగం అరటిపండు అందులో దాచుకుని అన్నం తింది. బావ నాకు ఫోన్ చేసి "తినీసింది రా" అన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆమె ఆ పెట్టెని తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఇది ఎవుల్దో. పాపం ఎతుక్కుంటా ఉంటారు. ఇచ్చీ మేస్త్రీ" అంది.

అప్పటికే ఆమెకి ఆయన మేస్త్రీ అయిపోయాడు. పొద్దు వాలగానే "ఇంటికెల్లు, మీ ఆడది ఎదురు సూత్తుంటాది" అనేది. బావ ఉలులు సర్దుకుని, చొక్కా తొడుక్కుని సందు చివరి దాకా నడిచేవాడు. అక్కడ కాసేపు నిలబడి, వెనక్కొచ్చి తలుపు తట్టేవాడు. ఒక్కోరోజు "వొచ్చీసావా" అనేది. ఒక్కోరోజు "ఎవులు" అనేది. అలాంటి రోజున, ఆమె ఆ మాట మరిచిపోయేదాకా అరుగు మీదే కూర్చునేవాడు.

నేను ఉండబట్టలేక అన్నాను. "ఆపీ బావా. ఎన్ని సేసినా ఇంతే."

"నాకు మాత్రం తెల్దేటి" అన్నాడు, రంపం కింద పెట్టకుండానే. "పని సేత్తన్నంత సేపూ ఎదురుగా కూకుంటాది. కబుర్లు సెప్తాది. ఆపీసినాననుకో, మేస్త్రీకి ఈ ఇంట్లో ఏటి పని?"

సీరియల్ అయిపోయింది. వెతుకులాట మాత్రం ఆగలేదు. నాలుగో పెట్టె చేస్తూ ఆయన పోయాడు. దానికి మూత బిగించలేదు. చిలకల్లో ఒకదానికే కళ్ళున్నాయి. నాకు ఉలి పట్టడం రాదు.

ఇప్పుడు అక్క మా ఇంట్లోనే ఉంది. పెట్టెలన్నీ తెచ్చి ఆమె మంచం పక్కన పెట్టాను. వాటి వంక చూడదు. ఏం వెతుకుతోందో కూడా ఇప్పుడు చెప్పలేకపోతోంది. బీరువా తలుపు తీసి, చూసి, మూసేస్తుంది. బావ ఆమెని చూసుకున్నట్టు నేను చూసుకోలేనని ఈ కొద్ది రోజుల్లోనే తెలిసిపోయింది. నాకు విసుగొస్తోంది. ఆయనకి విసుగు రావడం నేనెప్పుడూ చూడలేదు.

పదో రోజున యారాడలో అక్క గాజులు తీయొద్దని నేనన్నాను. పెద్దవాళ్ళు వినలేదు. ఆడవాళ్ళు ఆమెని పెరట్లో కూర్చోబెట్టి గాజులు తీశారు, బొట్టు చెరిపారు. ఆమె ఎందుకని అడగలేదు. అంతా అయ్యాక వచ్చి నా పక్కన కూర్చుని నా ముఖంలోకి చూసింది.

"మీ ఇంట్లో ఎవులు పోనారు బాబూ?"

"మా బావ" అన్నాను.

"మంచోడేనా?"

"మంచోడే."

"ఊరుకో మరి" అని, బోసిపోయిన ఆ చేత్తో చాలాసేపు నా వీపు నిమిరింది.