చెరువుగట్టు మజిలీలో ఎండుకట్టెలు

బస్తర్ ఇంకా రాజుల చేతిలో ఉన్న రోజుల్లో నేను గోదావరి ఒడ్డు నుంచి ఉప్పు, ఎండుచేపలు గూడుబండిలో వేసుకుని ఆవపల్లి వైపు ఊళ్లకు పోయేవాణ్ణి. వాటికి బదులు చింతపండు తెచ్చుకునేవాణ్ణి. వేసవి అయిపోతే ఆ దారిలో బండ్లు తిరగవు. ఆ ఏడు మాత్రం ఇంకొక్క ఊరు, ఇంకొక్క ఊరు అంటూ నేనే ఆలస్యం చేశాను. బండిలో నా భార్య కూడా ఉంది. మబ్బు పడుతోంది, మళ్లుదామని ఆమె చెబుతూనే ఉంది. నేను వినలేదు.

వాన పట్టుకుంది. ఇంటికి పోయే దారిలో వాగు పొంగింది. దానికి ఇవతల, చెరువుగట్టు కింద బండ్లవాళ్లు దిగే మజిలీ ఒకటి ఉండేది. అక్కడ ఆగిపోయాం.

వేసవిలో ఆ చోట బండి నిలపడానికి జాగా దొరకదు. గోండి, హల్బీ, తెలుగు భాషలన్నీ కలిసి వినబడతాయి. ఇప్పుడు మేమిద్దరం, మా ఎడ్లు తప్ప ఎవరూ లేరు. గూట్లో పడుకుంటే చెరువు మీద వాన చప్పుడే వినబడేది.

గట్టు పక్కన గోడలు లేని పాక ఉండేది. దాని అటక మీద ఎండుకట్టెలు పేర్చి ఉండేవి. అవి ఎవరి సొత్తూ కాదు. దిగినవాళ్లు వంటకు వాడుకోవచ్చు. పోయేముందు అడవిలో అంత కట్టె కొట్టి, ఆరడానికి మళ్లీ పైన పేర్చాలి. ఆ మాట చెప్పడానికి అక్కడ కాపలా ఎవరూ ఉండరు. అయినా అందరూ చేసేవారు. ఎప్పుడూ నేనూ చేసేవాణ్ణి.

మా చింతపండు చెమ్మ పట్టింది. బూజు వస్తే ఏడాది కష్టం పోయినట్టే. బుట్టలన్నీ పాకలోకి చేర్చి, మధ్యలో నిప్పు వేసి ఆరబెట్టసాగాను. అడవిలో కట్టె అంతా పచ్చిది. అటక మీదివే ఒక్కొక్కటి దించాను.

"అవి వంటకు. పండు ఆరబెట్టనీకి కాదు," అంది నా భార్య.

"ఈ వానల ఎవడొస్తడే? పండగ దాకా ఈడికి కుక్క గూడ రాదు. అప్పటికి నేనే బండెడు తెచ్చి పడేస్త."

"పడేస్తవు. ఇంటికాడ దడి కట్టుమంటె కట్టినట్టు."

నవ్వి ఇంకో కట్టె దించాను. కొన్నాళ్లకు అటక ఖాళీ అయింది. పండు మాత్రం బాగా ఆరింది.

అటక ఖాళీ అయిన సాయంత్రమే ఒక దోర్ల తెగ మనిషి, అతని భార్య వచ్చారు. ఆమె భుజాన చిన్న ఆడపిల్ల. పిల్లకు జ్వరమని, వాగు అవతల ఊళ్లో మందిచ్చే పూజారి, వడ్డె దగ్గరికి బయలుదేరామని తల్లి చెప్పింది. ఆకుల గొడుగు చిరిగిపోయి పిల్ల తడిసి ముద్దయింది. పెదవులు నల్లబడ్డాయి. వణుకు కూడా ఆగిపోతోంది.

తండ్రి మమ్మల్ని పలకరించలేదు. నేరుగా వచ్చి చెయ్యెత్తి అటక మీద పెట్టాడు. ఆ చెయ్యి ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది. ఇక్కడ కట్టె ఉంటుందన్న ధైర్యంతోనే అతను పిల్లతో అంత వానలో నడిచాడని నాకు అప్పుడు తెలిసింది.

"కట్టెలేవి, సావుకారీ?"

"ఏమో. మేమొచ్చేసరికే లేవు. ముందు దిగినోళ్లు కాల్చుకున్నట్టున్నరు."

నా భార్య తల తిప్పి నన్ను చూసింది. లేచి ఒక బుట్ట వంచింది. చింతపండు బురదలో పడింది. సెగకు ఎండిన వెదురు బుట్టను కాలితో తొక్కి విరిచి అతనికి ఇచ్చింది. రెండో బుట్ట అందుకుంది.

నేను దాని అంచు పట్టుకున్నాను. ఎదురుగా పిల్ల కళ్లు తేలేస్తుంటే బుట్టను నా వైపు లాగాను.

"ఏందే ఇది? మన ఏడాది తిండి."

"చెయ్యి తియ్యి."

తీశాను. జాలితో కాదు. ఆమె ఇంకొక్క మాట అంటే నా అబద్ధం బయటపడుతుందని.

అతను బూడిద తోడి నిప్పు రాజేశాడు. నా భార్య పిల్ల ఒళ్లు తుడిచి తన పొడి చీరలో చుట్టింది. బుట్టలు ఒకటి తర్వాత ఒకటి కాలాయి. చీకటి పడుతుండగా పిల్ల ఏడ్చింది. అప్పటిదాకా నిలబడే ఉన్న తల్లి ఆ ఏడుపు విని కూర్చుంది.

తెల్లవారేసరికి వాన తెరిపిచ్చింది. వాగులో వరద తీస్తోంది. పిల్లకు ఇంకా జ్వరం ఉంది గానీ గంజి తాగింది. తండ్రి గొడ్డలి పట్టుకుని అడవిలోకి పోతుంటే వెంట వెళ్లాను. అటక మీద పేర్చడానికి కట్టె కొడుతున్నాడు.

"ఆ కట్టెలు కాల్చింది నేనే," అన్నాను.

గొడ్డలి ఆపలేదు. "ఎరుకే. బూడిద కింద నిప్పు ఉండె."

"మరి నిన్న ఏమనలేదేంది?"

"నీతోని కొట్లాడితె ఆ బుట్టలు ఆపుతవని."

అతను నా అబద్ధం నమ్మాడనే రాత్రంతా అనుకున్నాను. బిడ్డ కోసం అతను నాకు భయపడి ఊరుకున్నాడు.

కట్టె పేర్చాక వాళ్లను బండిలో వాగు దాటించాను. గూట్లో పిల్ల నా భార్య ఒళ్లో పడుకుంది, తల్లి పక్కన కూర్చుంది. అతన్నీ ఎక్కమన్నాను. వద్దని చెయ్యి ఊపి, మొలలోతు నీళ్లలో బండి వెనకే నడిచాడు.