సూది దాచిపెట్టిన కంపెనీ

జనార్దన్‌రావు దొరకు ఈ లోకంలో ఒకే ఒక్క శత్రువు: తన రివాల్వర్‌ను తయారుచేసిన కంపెనీ. అది ఎక్కడో దేశాల అవతల ఉంది, దొర జమ్మికుంట దగ్గర పత్తిచేలో ఉన్నాడు. తిట్లు అంత దూరం చేరవు కాబట్టి అవన్నీ మొండయ్య వినాల్సివచ్చేది. దొర చేను పక్కన చేను కొనుక్కోవడం తప్ప మొండయ్య ఏ పాపమూ చేయలేదు.

మొదట్లో ఆ మోడల్‌కు పక్కన బిగించే మరలు ఐదుండేవట. తర్వాత ఒకటి తీసేశారు. దొరది ఆ నాలుగు మరల కాలంది. అటుపైన ఇంకోటి పీకి మూడు చేశారు. పిడి అడుగున తాడు కట్టుకునే కడియం పోయింది, గొట్టాన్ని పట్టి ఉంచే అడ్డచీల పోయింది. మోడల్ పేరు మాత్రం మార్చలేదు. దొరకు ఒళ్లు మండేది అక్కడే.

“పేరు గదే, ధర డబుల్. మరలేమో ఒక్కొక్కటి మాయం. గిట్ల పీక్కుంట పోతే రేపు ఉత్త డబ్బా అమ్ముతరు” అనేవాడు.

అన్నిటికంటే పెద్ద నేరం సూదిది. పాతదాంట్లో తూటాను పొడిచే సూది వెనక సుత్తి మూతికే, కళ్లెదుటే ఉండేది. కొత్తదాంట్లో దాన్ని రివాల్వర్ ఒంట్లోనే, ఇనప పెట్టె లోపల పెట్టేశారు. ఆ మాట వచ్చిందంటే దొర ముఖం మిరపపండయ్యేది. “లోపట దాసిపెడితే మనిషి చెయ్యి అందుతదా మొండయ్యా? గంత బుద్ధి లేదా వాళ్లకు?” అని నిలదీసేవాడు. దానికి చెయ్యి అందడం ఎందుకో మొండయ్యకు అర్థమయ్యేది కాదు. అడిగితే ఇంకో గంట పడుతుందని తలూపి ఊరుకునేవాడు.

మొండయ్య ట్రాక్టరు రెండు చేల నడిమి గెట్టుకు జానెడు దగ్గరికొస్తే చాలు, ఆ రివాల్వర్ బయటికొచ్చేది. ఇంకో అడుగు వేస్తే కాలుస్తానని దొర గర్జించేవాడు. మొండయ్య చేతులెత్తి వెనక్కి జరిగేవాడు. ఇంతలో దొరకు చేతిలోని మరలు కనపడి కంపెనీ గుర్తొచ్చేది, గెట్టు పంచాయితీ కాస్తా పాఠమైపోయేది. దొరసాని జానకీబాయి చాయ్ పంపితేగాని అది ముగిసేది కాదు.

ఇంత జరిగినా మొండయ్యకు దొరమీద ఉన్న ఫిర్యాదు ఒకటే. కొడవళ్లకు పదును పెట్టుకునే ఆకురాయిని ఎన్నడో దొర స్వయంగా ఇంటికొచ్చి అడిగి పట్టుకుపోయాడు. పళ్లన్నీ అరిగి నున్నబడ్డాక తెచ్చిచ్చాడు. ఏం చేసినవ్ దొరా అంటే, తలుపు గొళ్లెం పడక బిర్రుగా ఉండెనన్నాడు.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పాలి. మొన్నటి ఎన్నికలయ్యాక తిరిగి తెచ్చుకోవడానికి మొండయ్యే దొరను బండిమీద ఎక్కించుకుపోయాడు. హెడ్ కానిస్టేబుల్ లచ్చయ్య చీటీమీద పేరు చూసి రివాల్వర్ చేతికిచ్చాడు. దొర దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, బల్లమీద పెట్టేశాడు.

“గిది నాది కాదు. మూడే మరలున్నయి.”

పక్క ఊళ్లో ఇంకో జనార్దన్‌రావు ఉన్నాడు. ఆయనదీ అదే మోడల్, కాకపోతే తర్వాత వచ్చింది. లచ్చయ్య చీటీలు తారుమారు చేసి, పొద్దున్నే దొరది ఆయనకిచ్చి పంపించాడు. ఒక్క మర కోసం ఇంత లొల్లి ఎందుకు, ఇదే కొత్తగా నిగనిగలాడుతోంది కదా అని నచ్చజెప్పబోయి, మళ్లీ దొర చేతిలో పెట్టబోయాడు.

దొర రెండడుగులు వెనక్కి వేశాడు. “దాన్ని నా చేతికియ్యకు. నాది నాకు తెప్పియ్యి.”

కంపెనీని తిట్టకపోవడం మొండయ్యకు వింతగా తోచింది. అంతకంటే వింత, దొర రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

ఎస్సై రోజారాణి ఫోన్ చేస్తే ఆ రెండో జనార్దన్‌రావు పొద్దున పట్టుకుపోయిన రివాల్వర్‌తో వచ్చాడు, ఆయనా మండిపడుతూనే. తుడుద్దామని విప్పి చూస్తే లోపల గానీ సుత్తి మూతికి గానీ సూదే లేదట, ఠాణాలో విరగ్గొట్టారట. లచ్చయ్యకు చెమటలు పట్టాయి, ఉద్యోగం కళ్ల ముందు కదిలింది. ఎస్సై సుత్తి మూతిని వెలుతురులో పెట్టి చూసి, ఇది విరిగింది కాదు, ఎవరో ఓపిగ్గా అరగదీశారని తేల్చింది.

“గిది పేలక ఎన్నేండ్లయితుంది దొరా?” అని అడిగింది.

తప్పు లచ్చయ్యమీద పడకూడదని దొర నోరు విప్పాడు.

“నేనే రాకిన మేడం. నా కోపం సంగతి నాకు తెల్సు. ఒకపారి గెట్టుకాడ వేలు మీటమీదికి పోయింది. ఎదురుంగ వీడున్నడు.”

మొండయ్యకు ఆ గెట్టు పంచాయితీ గుర్తొచ్చింది. మర్నాడే ఆకురాయి కోసం దొర గుమ్మంలో నిలబడటమూ గుర్తొచ్చింది. పెట్టె లోపల దాచిన సూదిని ఏ ఆకురాయీ అందుకోలేదు మరి. ఇన్నేళ్లుగా కంపెనీ తిన్న తిట్లన్నీ తన ప్రాణం కోసమేనని మొండయ్యకు అప్పుడు తెలిసింది.

దొరవైపు తిరిగి అన్నాడు: “గొళ్లెం బిర్రుగున్నదంటివి కద దొరా.”

“నోర్ముయ్యి. బండి తియ్యి” అన్నాడు దొర.

తెల్లారి ట్రాక్టరు గెట్టుకు జానెడు దగ్గరికొచ్చింది. కావాలనే తెచ్చాడో, పొరపాటునో మొండయ్య చెప్పడు. నాలుగు మరల రివాల్వర్ బయటికొచ్చింది. ఇంకో అడుగు వేస్తే కాలుస్తానని దొర గర్జించాడు. మొండయ్య ఎప్పటిలాగే చేతులెత్తి వెనక్కి జరిగాడు.

“నవ్వుతున్నవా రా?”

“లే దొరా” అన్నాడు మొండయ్య, తల వంచుకుని. “భయమైతుంది.”