విమానం ఎక్కని కుడుకలు

మహబూబ్‌నగర్ నుంచి బెంగళూరు పోవడానికి ఇప్పుడు మనకు రెండు మంచి దారులున్నాయి. ఒకటి, శంషాబాద్ దాకా వెనక్కి పోయి విమానం ఎక్కడం. రెండోది, పొద్దున ఏడింటికి మన స్టేషన్‌లోనే కాసేపు ఆగే తెల్లటి వేగపు రైలు ఎక్కడం. ఏది మేలని ఎవరైనా అడిగితే ఇదివరకు ఒక్క మాటలో జవాబు చెప్పేదాన్ని. మొన్నటి ప్రయాణం తర్వాత ఆ జవాబు కొంచెం పొడవైంది.

ప్రయాణం ఎందుకంటే, మా చెల్లె సుజాతకు ఒడిబియ్యం పోయడానికి. పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు బేసి సంవత్సరం చూసి, పసుపు కలిపిన బియ్యం, కుడుకలు అనే ఎండు కొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, పోకలు, జాకిట్ ముక్క కొంగులో పోసి కట్టి పంపుతారు. మా దిక్కు అది జరగకపోతే ఆమెకు తల్లిగారిల్లు లేనట్టే లెక్క. సుజాత తన ఆఫీసులో పనిచేసే కన్నడ అబ్బాయిని పెళ్లి చేసుకుంది. మా తమ్ముడు రవీందర్‌కు అది మింగుడుపడలేదు. మూడో ఏడు పోయింది, ఐదో ఏడు పోయింది, ఏడో ఏడూ పోయింది. ఇది తొమ్మిదోది. ఇదీ దాటితే ఇంకో రెండేళ్లు ఆగాలి. అమ్మా నాయినా లేరు కాబట్టి పోస్తే అన్నావదినలే పోయాలి. నేను సొంత అక్కనే అయినా ఇంకో ఇంటి కోడలిని, నా చేత్తో పోస్తే చెల్లదట. ఈ నియమం పెట్టినవాళ్లతో నాకు పెద్ద తగాదా ఉంది గానీ వాళ్లు దొరకరు.

రవీందర్ చివరికి ఒప్పుకున్నాడు. ఒప్పించింది నేను కాదు, వాడి భార్య కవిత. నేను తొమ్మిదేళ్లు అరిచి సాధించలేనిది ఆమె పది రోజులు మాట్లాడకుండా ఉండి సాధించింది. అయితే వాడొక షరతు పెట్టాడు.

"ఫ్లైట్‌ల పోతం. పొద్దుగాల పోయి రాత్రికల్లా వాపసొస్తం. ఆడ పండుకునుడు నాతోని కాదు."

"రైలుల పోదం రా. ముగ్గురం మాట్లాడుకుంట పోవచ్చు."

"ఏడు గంటలు కూసునుడా? ఫ్లైట్ గంటా పది నిమిషాలే అక్కా."

"అది గాల్లో. నేల మీది లెక్క చెప్పు. ఇంట్లకెళ్లి ఎయిర్‌పోర్టుకు గంట, రెండు గంటల ముందు పోవుడు, ఆడ దిగినంక బ్యాగు కోసం నిలవడుడు, ఊర్లకు రానీకి ఇంకో రెండు గంటలు. గదంత ఎవరి ఖాతా?"

"నీతోని వాదిస్తే ఫ్లైట్ పోతది" అని ఫోన్ పెట్టేశాడు.

వాడు హైదరాబాద్‌లో ఉంటాడు. దేశం నలుమూలలా ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలకు యంత్రాల సామాను అమ్మే కంపెనీలో ఉద్యోగం. నెలకు రెండుసార్లు ఒక ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని విమానం ఎక్కుతాడు. వాడికి విమానం కావలసింది తొందరగా పోవడానికి కాదు, తొందరగా తిరిగి రావడానికి. చెల్లె ఇంట్లో ఒక రాత్రి కూడా ఉండకూడదు, అదీ సంగతి.

సరే, ఎవరి దారి వారిది అనుకున్నాం. బియ్యం మూట మాత్రం పోసేవాళ్లతోనే పోవాలని కవిత అంది. రెండు రోజుల ముందు వాళ్లు వచ్చినప్పుడు, అమ్మ చేసే పని కాబట్టి నేనే ఐదు కిలోల పైచిలుకు బియ్యానికి పసుపు కలిపి, ఐదు కుడుకలు ఏరి మధ్యలో పెట్టి, ముడి మీద ముడి వేసి ఇచ్చాను. ఆ ముడులు గుర్తుపెట్టుకోండి.

ఆ రోజు ఆరున్నరకే స్టేషన్‌లో ఉన్నాను. టికెట్టు పదిహేను రోజుల ముందే తీసుకున్నాను. మీరూ అట్లాగే తీసుకోండి, శని ఆదివారాలకు చివరి నిమిషంలో దొరకదు. కుర్చీ బోగీ, టిఫినుతో కలిపి పదమూడు వందల చిల్లర. తమ్ముడు ఒక్కొక్కరికి నాలుగు వేల పైన పెట్టాడు, ఎయిర్‌పోర్టు కారు కిరాయి వేరే. రైలు ఏడు దాటిన కాసేపటికి వచ్చింది. తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి కాబట్టి సాగనంపడానికి వచ్చినవాళ్లు లోపలికి ఎక్కకూడదు. మా ఆయన సంచి అందించడానికి ఒక కాలు లోపల పెట్టాడు. "దిగు, లేకుంటే కర్నూలుల దిగుతవ్" అని తరిమాను.

పక్కన కిటికీ సీటులో ఒక అమ్మాయి, ఒళ్లో ల్యాప్‌టాప్. బెంగళూరులో ఉద్యోగమట. "నేను ఎప్పుడూ ఫ్లైటే ఆంటీ. ఈసారి టికెట్ ధర చూసి ఇటొచ్చిన" అంది. నిజం చెప్పే పిల్ల, నచ్చింది. ఎనిమిదింటికి టిఫిను వచ్చింది. ఉప్మాలో ఉప్పు తక్కువ, చాయ్‌లో చక్కెర ఎక్కువ. నేను నా డబ్బాలోని జొన్న రొట్టె, పల్లీల కారం తీశాను. ఆ పిల్ల ఉప్మా పక్కన పెట్టి సగం రొట్టె నాదే తిన్నది.

తుంగభద్ర వంతెన దాటి కర్నూలులో ఆగినప్పుడు రెండు పెద్ద సంచులతో ఒకామె ఎక్కి మా వరుసలోనే కూర్చుంది. పేరు పద్మమ్మ, ఆలంపూర్ దగ్గరి పల్లె. బిడ్డ బెంగళూరులో కాన్పయిందట, బాలింత పథ్యానికి సామాను తీసుకుపోతోంది. సంచి నుంచి వామూ ఎల్లిపాయల వాసన ఏసీ బోగీ అంతా నిండింది. "వాసనొస్తుందా అమ్మా?" అని అడిగింది. "వస్తున్నది. ఆకలైతున్నది" అన్నాను.

తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది. రవీందర్.

"అక్కా, బ్యాగు పక్కకు పెట్టి పిలిచిండ్రు. కుడుకలు దీసెయ్యాలంటున్నరు."

"కుడుకలా? గవేమన్న బాంబులా?"

"ఎండు కొబ్బరిల నూనె ఉంటదంట, వేడికి అంటుకుంటదంట. రూల్ అంట. బియ్యం పోతయి గని కుడుకలు పోవు. నీ ముడులు ఇప్పనీకి పది నిమిషాలు పట్టింది. ఎన్కాల లైను మొత్తం నన్నే చూస్తున్నది."

పక్క సీటు పిల్ల ఫోన్‌లో వెతికి చూసి, "నిజమే ఆంటీ, ఎండు కొబ్బరి తీసుకుపోనివ్వరు" అంది. విమానంలో ఉన్న తప్పులన్నీ నెలరోజులుగా ఏరి ఏరి చెప్పినదాన్ని, నేను చెప్పవలసిన ఈ ఒక్కటీ నాకు తెలియలేదు. వాడికీ తెలియదు, ల్యాప్‌టాప్ సంచిలో ఎవరు కుడుకలు పెట్టుకుపోతారు? కుడుకలు ఏరింది నేను, ముడి వేసింది నేను. ఆ ఒడిబియ్యానికి ఏమైనా లోటు వస్తే అది నా చేతి పనే.

"నేను ఇంటికి వాపసు పోత అక్కా. ముహూర్తం బాగలేనట్టుంది" అన్నాడు రవీందర్. వాడు వెతుకుతున్న సాకు దొరికింది.

"ఫ్లైట్ ఎక్కు. కుడుకలు నేను తెస్త" అన్నాను. ఎక్కడినుంచి తెస్తానో ఆలోచించకుండానే అన్నాను.

పద్మమ్మ అంతా వింటూనే ఉంది. సంచి మూతి విప్పింది. "ఇగో, నా కాడున్నయి. ఎన్ని గావాలె?"

"ఐదు. ధర చెప్పమ్మా."

"బాలింతకు దీస్కపోయేటివి అమ్ముకుంటనా?"

"ఊరికే దీస్కుంటె అవి మా తల్లిగారింటివి ఎట్లయితయి? మీ ఇంటివి అయితయి."

పద్మమ్మ ఆలోచించింది. నాకు లోపల నవ్వొచ్చింది. మన పాలమూరు నేలలో కొబ్బరి కాసేది ఎంత? మనం కొనే కుడుకల్లో సగం కర్ణాటక నుంచే లారీలో వచ్చి ఉంటాయి. వచ్చిన దారినే ఇప్పుడు వెనక్కి పోతున్నాయి. ఆ మాటే అన్నాను.

"ఏడ కాస్తేంది?" అంది పద్మమ్మ. "మన గడప దాటి పోవాలె, గదీ ముఖ్యం. నీ కాడ ఏమున్నది, మార్చుకుందం."

నా సంచిలో సుజాత కోసం విడిగా కొన్న ఆకుపచ్చ జాకిట్ ముక్క ఉంది. దాన్ని పద్మమ్మ చేతిలో పెట్టాను. ఆమె ఐదు కుడుకలు ఏరింది, ఒకటి అంచు విరిగిందని తీసేసి ఇంకోటి వేసింది. "ఇప్పుడు నీయే. పోసినంక నా పేరు చెప్పకు, నీ తమ్ముడు కిరికిరి చేస్తడు" అంది. పక్క సీటు పిల్ల ల్యాప్‌టాప్ మూసేసి మా ఇద్దరినీ చూస్తూ కూర్చుంది.

అనంతపురం, ధర్మవరం సమయానికే దాటాం. తర్వాత బెంగళూరు ఇంకా ముప్పావుగంట ఉందనగా, లైను ఖాళీ లేక రైలు పొలాల మధ్య నిలబడింది. ఐదు నిమిషాలు, పది, ఇరవై. వేగపు రైలు కదా, ఆగినా వేగంగా ఆగింది. నెలరోజులు తమ్ముడితో వాదించిన నోటితో ఇప్పుడేం చెప్పను? పద్మమ్మ నా మొహం చూసి, "ఫికర్ జేయకు. పొద్దు గూకేలోపు పోస్తే సాలు" అంది.

యశవంతపురంలో దిగేసరికి రెండూ నలభై. ఆటో పట్టుకుని సుజాత ఉండే అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి చేరేసరికి మూడుంబావు. గేటు బయట బియ్యం మూటను చంటిపిల్లలా ఎత్తుకుని రవీందర్ నిలబడి ఉన్నాడు. పక్కన కవిత, ముఖం నిండా కోపం.

"గంట సేపాయె వదినా. రెండింటికే వచ్చినం. కుడుకలు లేకుంట లోపలికి ఎట్ల పోవాలె అంటడు. ఆ ఎదురుంగ దుకాణంల ఉన్నయి కొను అంటె, ఈడ కొన్నవి పుట్టింటివా అంటడు."

రవీందర్ నా చేతిలో సంచి చూశాడు. "తెచ్చినవా?"

"తెచ్చిన. మన దిక్కు నుంచి, తుంగభద్ర దాటించి తెచ్చిన."

కాపలాదారు రిజిస్టర్ ముందుకు తోశాడు. పేరు, ఊరు, ఎవరింటికి, ఏమవుతారు. రవీందర్ మూడు గడులు గబగబా రాసి నాలుగోదాని దగ్గర పెన్ను ఆపాడు. నేను పక్కకు తిరిగి ఆటోవాడితో లేని బేరం ఆడాను. తిరిగి చూసేసరికి రాసి ఉంది: అన్న.

లోపల జరిగింది ఎక్కువ రాయను. సుజాత తలుపు తీసి, "వచ్చినవా" అంది. వాడు "వచ్చిన" అన్నాడు. తొమ్మిదేళ్లకు అంతే మాట. పొద్దు కిటికీలో ఉండగానే ఆమెను పీట మీద కూర్చోబెట్టి, కవిత దోసిళ్లతో బియ్యం పోసింది, వాడు కుడుకలు ఒక్కొక్కటే పెట్టాడు. ఒకటి చేతిలోంచి జారితే సుజాత భర్త పట్టుకుని తిరిగి వాడికే అందించాడు. పోయడం అయ్యాక ఆనవాయితీ ప్రకారం సుజాత తన కొంగులోంచి ఐదు పిడికిళ్ల బియ్యం వదిన కొంగులో వేసింది. వాటితో ఒక కుడుక కూడా పెట్టింది.

రాత్రి ఎనిమిదింటికి వాళ్ల తిరుగు విమానం. ఐదున్నరకు కవిత కారు పిలవబోయింది. రవీందర్ ఆ కుడుకను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"గిది మళ్ల దీసేస్తరు ఆడ" అన్నాడు.

"తీసేస్తరు" అంది కవిత.

"రేపు రైలుకు సీట్లు ఉంటయా అక్కా?"

ఆ కుడుకను నా సంచిలో వేసుకుంటే సరిపోయేది. వాళ్ల విమానం వాళ్లు ఎక్కేవాళ్లు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నోటికొచ్చిన మాటను నేను మింగిన సందర్భాలు చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి. అదృష్టం కొద్దీ పనిదినం కాబట్టి రెండు సీట్లు దొరికాయి. ఆ రాత్రి రవీందర్ చెల్లె ఇంట్లో సోఫా మీద గురక పెట్టి పడుకున్నాడు.

మరునాడు మధ్యాహ్నం రెండూ ముప్పావుకు తిరుగు రైలు. సుజాత కట్టిచ్చిన బిసిబేళె బాత్ తింటూ బయలుదేరాం. ఎవరైనా అడిగితే ఇప్పుడు ఇట్లా చెప్తాను: చేతిలో ఒక్క సంచి, సాయంత్రానికి తిరిగి రావలసిన పని ఉంటే విమానం ఎక్కండి, తప్పులేదు. ఇంటి నుంచి ఇంటికి లెక్కేస్తే తేడా గంటో రెండు గంటలో అంతే, నేను చూశాను. కానీ మీరు పోయేది మనుషుల దగ్గరికయితే, చేతిలో ఏదన్నా మూట ఉంటే రైలు ఎక్కండి. విమానమే ఎక్కేటట్టయితే కుడుకలు పెట్టుకోకండి.

ధర్మవరంలో రవీందర్ ఫోన్ మోగింది. నా ఫోన్ కాదు, వాడిది. "ఆఁ సుజాతా... ధర్మవరం... తిన్నం... ఆఁ, కుడుక ఉన్నది, కవిత కొంగులనే ఉన్నది." అనంతపురంలో మళ్లీ మోగింది. గుత్తి దాటాక మళ్లీ. మూడోసారి వాడు లేచి తలుపుల దాకా పోయి పావుగంట మాట్లాడి వచ్చాడు. కిటికీ బయట ఎర్ర నేలలు, శనగ చేలు, గుట్టలు వెనక్కి పరుగెత్తుతున్నాయి. లైటు స్తంభాలు లెక్కపెట్టడానికి వీల్లేనంత జోరు.

"ఏమన్నది?" అని అడిగాను.

"కర్నూలు వచ్చినంక చెయ్యమన్నది." వాడు ఫోన్ చేతిలోనే పట్టుకుని బయటికి చూశాడు. తర్వాత, నెలకు రెండు విమానాలెక్కే మా తమ్ముడు, విసుక్కుంటూ అన్నాడు: "గీ రైలు ఇంత ఉరుకుడెందుకక్కా? జర నిమ్మలంగ పోరాదా."