ఏడు దగ్గర ఆగిన గొంతు

మా మామ పోయిండన్న కబురు ఫోన్ల వచ్చింది. ఆ ఫోను ఎత్తింది నేనే. ఎత్తి నోరు తెరవనిది కూడ నేనే.

ఆ పొద్దు మామ హైదరాబాదుకు పోయిండు. ఒక కిరాయి కారుకు కొత్త స్టీరియో బిగిస్తున్నం. ఆ కారుకు పట్టే, వైర్లు కలిపే కప్లరు సిద్దిపేటల దొరకలే. "వైర్లు ముట్టకు బిడ్డా, పగటాల్లకు వస్త" అని బస్సెక్కిండు. తిరిగొస్తుంటే కుకునూరుపల్లి కాడ బస్సుల్నే రొమ్ము పట్టుకొని ఒరిగిండట. ఎవరో ఆయన ఫోను తీసి, చివరిసారి మాట్లాడిన నంబరుకు చేసిన్రు. "హలో, ఈ ఫోను గల పెద్దమనిషి మీకేమైతడు? మీదేవూరు?" అని అడిగిన్రు. నాకు మాట రాలే. కొత్తోళ్లు అడిగితే చిన్నప్పటి నుంచి నాకు గంతే. వాళ్లు "హలో, హలో" అని పెట్టేసి, మా ఆయన నంబరు వెతికి చేసిన్రు. దవాఖానకు తీస్కపోకముందే పానం పోయిందని డాక్టరు చెప్పిండు. నువ్వు మాట్లాడినా ఆయన బతికేటోడు కాదని అందరు అంటున్నరు. ఇయ్యాల్టికి ఇరవై దినాలు. ఆ "హలో" నా చెవులల్ల నుంచి పోతలేదు.

నేను చదివింది ఆరో తరగతి దాక. నోటితోని చెప్పలేను కాబట్టి మీకు రాసి చెప్తున్న.

కొత్త బస్టాండు దిక్కు గల్లీల ఒక్క షటరు ముల్గి, కిరాయి దుకాణం మాది. మామ ముప్పై ఏండ్ల సంది అండ్లనే కార్లకు స్టీరియోలు, స్పీకర్లు బిగించిండు. మా ఆయన బడి బస్సు నడుపుతడు. నేను పెండ్లయి వచ్చినంక పగటిపూట మామకు సద్ది తీస్కపోయేదాన్ని. గిన్నె ఆడ పెట్టి, తల వంచుకొని వచ్చేదాన్ని.

ఒకనాడు పోయేసరికి మామ చెయ్యి డ్యాష్‌బోర్డు సందుల ఇరికి ఉన్నది. లోపల పడ్డ స్క్రూ అందుతలేదు. "బిడ్డా, నీ చెయ్యి సన్నం. జెర పెట్టు" అన్నడు. పెట్టబోతే మళ్ల ఆపిండు. "ఆగాగు, ఆ ఇత్తడి కడెం తియ్యి. వైర్లకు తాకితే ఫ్యూజు కొట్టేస్తది. మట్టిగాజులు ఉండనీ, వాటికీ కరెంటుకూ పంచాయితీ లేదు." నాకు నవ్వొచ్చింది. అత్తగారింట్ల నేను బయటికి నవ్వింది అదే మొదలు. ఆ దినం నుంచి కడెం ఇంట్లనే పెట్టి, మట్టిగాజులతోని షాపుకు పోయిన.

ఇబ్రహీంపూర్ నుంచి వచ్చే కిరాయి కారు డ్రైవరు నన్ను చూసి ఎగతాళి పట్టేటోడు. "ఏం కాకా, కోడలితోని కొలువు చేపిస్తున్నవా?"

"నేనేడ చేపిస్తున్నరా? ఆమె ఓనరు. నేను తాళం తిప్పే నౌకరును" అనేటోడు మామ.

నిజంగనే అట్ల ఉండె మా పని. మామకు మోకాళ్లు వంగకపోయేవి. ఆయన కారు తాళం పట్టుకొని సీట్ల కూసునేటోడు. నేను డ్యాష్‌బోర్డు కింద కరెంటున్న వైరుకు తాకితే వెలిగే టెస్టింగు బల్బు పట్టుకొని పండుకునేదాన్ని. స్టీరియోకు రెండు కరెంటు వైర్లు కావాలె. ఒకదాంట్ల ఎప్పుడూ కరెంటు ఉండాలె, టైము, స్టేషన్లు యాదికుండేది దాంతోనే. ఇంకోదాంట్ల తాళం తిప్పితేనే రావాలె. ఏది ఏదో రంగు చూసి నమ్మద్దని మామ మాట. "నాకంటె ముందల ఎవడు చెయ్యి పెట్టిండో ఏం ఎరుక? రంగును కాదు బిడ్డా, బల్బును అడుగు."

"తాళం పెట్టిన. ఎన్నిటికి వెలుగుతది?"

"రెండిటికి, మామా."

"తీసిన. ఇప్పుడు?"

"ఒకదానికే."

"ఆ ఒకటే ఎప్పుడూ ఉండేది. దానికి స్టీరియో పసుపు వైరు కట్టు. జెర వదులు ఇడిచి కట్టు, గుంజి కట్టకు."

పక్కన గిరాకి ఉన్నా కింద నుంచి మాట్లాడేదాన్ని. మనుషుల మొఖాలు కనపడవు గద.

బిగించినంక మామ పాట పెట్టకపోయేటోడు. డప్పు మోతల స్పీకరు కిర్రుమన్నా తెలువదనేటోడు. సన్నటి మనిషి గొంతు పెడితే తప్పు దాక్కోదట. "నీకంటె సన్నటి గొంతు సిద్దిపేటల ఏడుంటది?" అని ఒకనాడు నా ముందట ఫోను పెట్టి అంకెలు చెప్పమన్నడు. సిగ్గుతోని ఎట్లనో చెప్పిన. దాన్ని పెన్‌డ్రైవుల ఎక్కించి, ఎర్ర దారం కట్టి గోడ మొలకు తగిలేసిండు. నాలుగు స్పీకర్లు, నాలుగు అంకెలు. నాలుగు రాంగనే ఆపేటోడు. మీలో ఎవరన్న మా దగ్గర స్టీరియో బిగిపిచ్చుకుంటే, మీ కార్ల మొదలు వినపడ్డ గొంతు నాదే. "ఎవలు కాకా, ఈ పంతులమ్మ?" అని అడిగేటోళ్లు. మామ నా దిక్కు చూడకుండ, "ఉన్నది లే ఒకామె, పెద్ద మాటకారి" అనేటోడు.

మామ దినాలయినంక మా ఆయన అన్నడు: "సామాను అమ్ముదం. ముల్గి ఓనరు ఒకటో తారీఖుకు తాళం ఇయ్యమంటుండు. గిరాకితోని ఎవరు మాట్లాడుతరు? నువ్వా?"

తిట్టినట్టు కాదు, నిజంగనే అడిగిండు. నేను తల దించుకున్న. అదే జవాబని అనుకున్నడు. ముల్గి పోతే నేను పెండ్లికి ముందటి లెక్క మళ్ల బీడీల చాట ముందట కూసునుడే. ఆకు కత్తిరించుడు, చుట్టుడు. ఎవరూ "ఎన్నిటికి వెలుగుతది" అని అడగరు.

అటు మామ సగంల ఇడిచిపోయిన ఇబ్రహీంపూర్ డ్రైవరు కారు డ్యాష్‌బోర్డు తెరుచుకొని అట్లనే ఉన్నది. దవాఖానోళ్లు ఇచ్చిన మామ సంచిల తువ్వాల, కండ్లద్దాలు, కాగితంల చుట్టిన కప్లరు ఉన్నయి. మామ చివరిగ కొన్న వస్తువు అది. ఈ ఒక్క కారన్న పూర్తి చేస్తనని మా ఆయనను బతిమాలి ముల్గి తాళం తీస్కున్న. ఒక్కదాన్నే బిగించిన. స్టీరియో మోగింది. డ్రైవరు తీస్కపోయిండు.

తెల్లారి కారును ట్రాక్టరుకు కట్టుకొని గుంజుకొచ్చిండు. "బ్యాటరీ సచ్చింది చెల్లె! తాళం తీసినా నీ స్టీరియో బంద్ కాలే. కాక చేసినప్పుడు ఎన్నడన్న గిట్లయిందా? రాకపోతే రాదని చెప్పద్దా?"

గల్లీల అందరు చూస్తున్నరు. నేను డ్యాష్‌బోర్డు కిందికి దూరిన. ఏడ్చిన. ఏడుస్తనే వైర్లు చూసిన. అప్పుడు తెలిసింది. తాళం పెట్టినప్పుడే బల్బు ముట్టించిన. రెండు వైర్లకూ వెలిగితే సరే అనుకున్న. తాళం తియ్యలే. ఎందుకంటే అది ఎన్నడూ నా పని కాదు. "తీసిన, ఇప్పుడు?" అనేటోడు లేడు. నేను పట్టుకొని కట్టిన రెండూ ఎప్పుడూ కరెంటుండే వైర్లే.

వైర్లన్ని విప్పి, ముందుగాల బ్యాటరీకి ఛార్జింగు ఎక్కిచ్చిన. పైకెక్కి తాళం తీసి, కిందికి దూరి బల్బు పెట్టిన. మళ్ల ఎక్కిన, మళ్ల దూరిన. మామ పనీ నా పనీ రెండూ చేసిన. పసుపుది ఎప్పుడూ ఉండేదానికి, ఎర్రది తాళం తిప్పితే వచ్చేదానికి కట్టిన. అదయినంక పెన్‌డ్రైవు పెట్టి, వైర్లు సర్దుదామని రెండు చేతులూ లోపల పెట్టిన. నా గొంతు మొదలైంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆపేదానికి చెయ్యి ఖాళీ లేదు. ఐదు, ఆరు, ఏడు. గొంతు ఆగింది.

నాలుగు స్పీకర్లల్ల నుంచి మామ మాట్లాడిండు.

"ఆగినవేంది బిడ్డా? ఎవరున్నరు గీడ? నేనే గద. చెప్పు, చెప్పు."

ఎనిమిది, తొమ్మిది, పది.

ఆ నాడు నేను ఏడు దగ్గర ఆగిన ముచ్చటే మరిచిపోయిన. ఇన్నేండ్లు నాలుగు దాటి మేం వినలే. బయట డ్రైవరు చాయ్ గిలాస కింద పెట్టిండు. "కాక గొంతు గద చెల్లె, గది" అన్నడు. ఇంకేం తిట్టలే. కారు ఎక్కి పోయిండు.

నేను కండ్లు తుడుసుకొని లేచేసరికి, మొలకు ఎర్ర దారం లేదు. పెన్‌డ్రైవు కార్ల్నే పోయింది. మామ గొంతు ఇంకేడ లేదు నా దగ్గర. కారు గల్లీ చివరికి పోయింది. ఉరికిన.

"అన్నా! ఆగు! కారు ఆపు! అన్నా!"

పంచరు షాపాయన లేసి నిలబడ్డడు. చాయ్ బండి కాడ ఉన్నోళ్లు అటే తిరిగిన్రు. నేను ఇంకింత గట్టిగ ఒర్రిన. మూల మీద కారు వెనక లైట్లు ఎర్రగ వెలిగినయి.

పెన్‌డ్రైవు తీసిస్తూ డ్రైవరు, "గింత గొంతు ఏడ దాచినవు చెల్లె?" అన్నడు.

వెనుకకు తిరిగితే షటరు ముందట మా ఆయన. ముల్గి తాళం తీస్కపోదామని వచ్చిండు. నన్నే చూస్తుండు. నా గొంతు ఇంక కిందికి దిగలే. ఆ గొంతుతోనే అన్న: "తాళం ఇయ్యకుండ్రి. గిరాకితోని నేను మాట్లాడుత."

ఒకటో తారీఖు ఇంక నాలుగు దినాలున్నది. ఏం చేస్తడో నాకు తెల్వదు. షటరు నుంచి తీసిన తాళం చెవి ఆయన చేతుల ఉన్నది. నా పిడికిట్ల పెన్‌డ్రైవు, మట్టిగాజులకు చుట్టుకున్న ఎర్ర దారం. కార్ల నుంచి అప్పుడే తీసింది కద, ఇంక వెచ్చగనే ఉండె.