చేతికి దొరికిన బ్రేకు

నా భార్య ఎడమ మణికట్టు విరిచింది నేనే. ఆసుపత్రిలో మా అబ్బాయి 'మెట్ల మీంచి జారిపడింది' అని రాయించాడు. డైరీలో మాత్రం నేను ఉన్నదున్నట్టు రాశాను. నలభై ఏళ్ళుగా రాస్తున్న డైరీలో అబద్ధమాడడం నాకు చేతకాదు. సగం రాసి ఊరుకోవడం మాత్రం బాగా చేతనవునని తర్వాత తెలిసింది.

అది దసరా రోజు పొద్దున. మా అబ్బాయి కొత్త స్కూటరు తెచ్చి, రాజ్‌కిశోర్ నగర్‌లోని మా ఇంటి ముందు నిలబెట్టాడు. మా వాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే కొలువుకి బిలాస్‌పూర్ వచ్చి మూడు తరాలయింది. అయినా కొత్త బండికి గుమ్మడికాయ కొట్టడం మానలేదు. బూడిద గుమ్మడికాయకి కన్నం చేసి, లోపల కుంకుమ నింపి, బండికి దిష్టి తీసి నేలకేసి కొడతారు. గూడ్సు బండ్లు నడిపినన్నాళ్ళూ నేను దసరాకి కావాలని డ్యూటీ వేయించుకునేవాణ్ణి. రిటైరయ్యాక తలుపేసుకుని లోపల కూర్చునేవాణ్ణి. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"ఏటండీ, కొడుకు బండి కొన్నాడు. గడప దాకానైనా రారేటి?" అంది మా ఆవిడ. వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను.

కాయ పగిలింది. తెల్లటి గుజ్జు, ఎర్రటి నీళ్ళు నా పంచె అంచు మీద చిమ్మాయి. అంతే, ఇల్లు లేదు, వీధి లేదు. ఎదురుగా పట్టాలు, పట్టాల మధ్య మనిషి. కుడిచేతికి బ్రేకు తగిలింది. పట్టుకుని చివరిదాకా తిప్పాను. బండి ఆగలేదు. ఇంకా తిప్పాను. వెనకనుంచి ఎవరో మెడ పట్టి లాగుతుంటే మోచేత్తో మూతి మీద కొట్టాను.

"నాన్నా, ఛోడో! అమ్మ చెయ్యది, వదులు!"

టప్పుమని ఎముక విరిగిన చప్పుడు నాకూ వినిపించింది. అప్పుడు చూశాను. మా అబ్బాయి పెదవి చీలి గడ్డం మీదుగా రక్తం కారుతోంది. నా పిడికిట్లో ఆమె మణికట్టు ఉండకూడని వైపుకి తిరిగి ఉంది.

పిండికట్టు వేయించుకుని వచ్చాక ఆమె నవ్వింది కూడా. "బండి ఆపడానికి మీకు నా సెయ్యే దొరికినాదా?" అంది. కానీ ఆ సాయంత్రం నేను మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యెత్తితే ఆమె భుజం చెంప దాకా లేచింది. తను ఉలిక్కిపడినట్టు ఆమెకే తెలియదు. మొదటిరోజు ఏడుసార్లు. లెక్కపెట్టి రాసుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళు నా పక్కన భయం లేకుండా మసిలిన మనిషి. ఆ ఉలికిపాటు పోవాలి. నాకింకేమీ అక్కర్లేదనిపించింది.

అటక మీంచి పాత డైరీలు దింపి, పట్టాల మధ్య ఆ మనిషి కనబడిన రోజు పేజీ వెతికాను. 'బిల్హా దాటాక ఒక మనిషి రన్ ఓవర్. ఆలస్యం ఇరవై రెండు నిమిషాలు. టిఫిను బాగాలేదు.' అంతే రాశాను. రాయనిది ఇది. ఆ మనిషి సైకిలు భుజాన పెట్టుకుని పట్టాలు దాటుతున్నాడు. కూత వేశాను. తల తిప్పి నన్నే చూశాడు. దారి తప్పుకోమంటే చిరాకుపడ్డవాడి చూపు అది. తర్వాత ఆ చప్పుడు, కాయ పగిలిన చప్పుడే. బండి ఆగాక నేనూ అసిస్టెంటు డ్రైవరూ వెనక్కి నడిచి, దొరికినంత మనిషిని పట్టాల మీంచి పక్కకి లాగాం. ఇంజను అద్దం మీద పడ్డదాన్ని నూలుపీచుతో తుడిచాను. బండి నడపాలి కాబట్టి నడిపాను.

మా అబ్బాయి నన్ను మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె అంతా విని, "ఆంఖే బంద్ కీజియే, అంకుల్" అంది. కళ్ళు మూసుకుని, నాలుగంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరంకెలకి వదలాలట. నేను డైరీలో గళ్ళు గీశాను. సమయం, ఎన్ని ఊపిర్లు, మధ్యలో ఎన్ని తప్పాయి. వాచీ ముందు పెట్టుకుని డ్యూటీలాగే చేశాను. బండి కదులుతుంటే కళ్ళు మూయకూడదని ఒంటికి నేర్పించుకున్నవాణ్ణి, ఆ సంగతి మాత్రం డాక్టరమ్మకి చెప్పలేదు. మూడోరోజు కళ్ళు మూయగానే సైకిలు మనిషి రెప్పల లోపలే నిలబడ్డాడు. చేతికందిన ఇత్తడి చెంబు విసిరేశాను. బీరువా అద్దం పగిలి గదంతా గాజుపెంకులు. ఒక పెంకు నా పాదంలో దిగింది. అప్పుడే వంటింటి గడియ పడిన చప్పుడు విన్నాను. ఆమె లోపలినుంచి వేసుకుంది. ఎముక చప్పుడు కన్నా అది ఎక్కువ నొప్పెట్టింది.

ఈసారి డాక్టరమ్మకి ఏమీ దాచలేదు. "అయితే కళ్ళు తెరిచే ఉంచండి. ఎదురుగా ఉన్నవాటి పేర్లు పైకి చెప్పండి, అంకుల్. ఊపిరి వదులుతూ చెప్పండి" అంది.

నాకు నవ్వొచ్చింది. నా ఉద్యోగమంతా చేసింది అదే. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు చెయ్యి చాపి దాని రంగు పైకి చెప్పాలి. డ్రైవరు తన కళ్ళతో చూసి, అదే రంగు తిరిగి చెప్పాలి. మనసులో అనుకుంటే చెల్లదు.

ఇంటికొచ్చి మా ఆవిణ్ణి అసిస్టెంటుగా ఉండమన్నాను.

"జీతమేటి?"

"టీ ఇస్తాను."

"ఆ టీ కూడా నేనే పెట్టాల గదా. అచ్ఛా బేరమే!"

మొదట్లో పిండికట్టు ఒళ్ళో పెట్టుకుని వాకిలి దగ్గరే కూర్చునేది, పారిపోవడానికి వీలుగా. "గడప, పసుపు" అనేది. నేను చూసి, ఊపిరి వదిలి, "గడప, పసుపు" అనేవాణ్ణి. ఒకరోజు "గేటు, నీలం" అంది. "గేటు, నీలం" అన్నాను. మా గేటు ఆకుపచ్చ.

"సూడకుండా సెప్పీసినారు! బళ్ళు ఇలాగే నడిపినారేటి?"

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ తర్వాత చూడకుండా ఒక్కటీ చెప్పలేదు. ఆమె కుర్చీ కూడా నెలకింతని దగ్గరికి జరిగింది.

మళ్ళీ దసరా వచ్చింది. ఊరి అవతల మంగ్లాలో ఉన్న నా స్నేహితుడింట్లో ఆ పూట ఉండి రమ్మన్నాడు మా అబ్బాయి. వద్దన్నాను. వరండాలో కుర్చీ వేసుకున్నాను. మా ఆవిడ స్టూలు తెచ్చి నాకు కుడిపక్కన, ఇంజన్లో అసిస్టెంటు కూర్చునే వైపు వేసింది. విరిగి అతికిన చెయ్యే నా వైపుంది.

ఎదురింటి ముందు కాయ పగిలింది. ఒళ్ళంతా ఇంజను అదిరినట్టు అదిరింది. సైకిలు మనిషి తల తిప్పాడు. కుర్చీ చేతుల్ని పట్టుకున్నాను. గోరు లేచిపోయింది. నాలుక కొరుక్కున్నాను, నోట్లో ఉప్పగా రక్తం.

"గేటు!" అంది ఆమె.

నేనింకా సైకిలు మనిషినే చూస్తున్నాను.

"గేటండీ! సూసి సెప్పండి!" ఆమె స్టూలు అంచు గట్టిగా పట్టుకుంది. కానీ లేవలేదు.

"గేటు... ఆకుపచ్చ."

"రోడ్డు, ఎరుపు."

అది చెప్పకుండా దాటేసి ఉండొచ్చు. దాటెయ్యలేదు. చూశాను. పెంకులు, గుజ్జు, కుంకుమ నీళ్ళు. మనిషి లేడు. ఊపిరి వదిలాను. "రోడ్డు, ఎరుపు" అన్నాను. ఎరుపు పడితే డ్రైవరు చేయాల్సింది ఆగి ఉండడమే. ఇద్దరం ఆగి ఉన్నాం.

ఆ పూట వీధిలో ఐదు కాయలు కొట్టారు. నాలుగోదానికి లేచి పక్కింటివాళ్ళని బూతులు తిట్టాను. వాళ్ళ పిల్లలు లోపలికి పరిగెత్తారు. ఆమె నా పంచె పట్టి లాగి, "కూకోండి. మొక్క, ఆకుపచ్చ" అంది. కూర్చున్నాను.

మధ్యాహ్నం భోంచేశాక డైరీ తీసి రాశాను. 'గుమ్మడికాయలు ఐదు. ఆమె ఉలికిపాటు ఒకటి, రెండో కాయకి. స్టూలు కదల్లేదు.'

"ఏటి రాసినారు?" అందామె. చదివి వినిపించాను.

"ఒకటి కాదు, రెండు" అంది. "మీరు తిట్టడానికి లేసినప్పుడొకటి. అప్పుడు మీరు నన్ను సూడలేదు."

ఒకటి కొట్టేసి రెండని దిద్దాను.