గడ్డి మిషన్ పరీక్షలో మా పిల్ల మార్కులు

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. దేన్నైనా కొలిస్తే తేలిపోతుంది, తేలలేదంటే మనం సరిగ్గా కొలవలేదన్నమాట. పదో తరగతితో చదువు ఆగిపోయినవాణ్ని. నారాయణఖేడ్‌లో ఒక విత్తనాల దుకాణంలో పనిచేస్తూ, వంకరటింకర చెలకలను త్రిభుజాలుగా విడగొట్టి ఎకరాలూ గుంటలూ తేల్చడం, బావిలో నీళ్లు ఎన్నాళ్లొస్తాయో చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. రైతులు విని తలూపేవాళ్లు. (తలూపడమంటే ఒప్పుకోవడమే అనుకునేవాణ్ని. ఇంటికి పోవాలని తొందరగా ఉన్న మనిషి కూడా తలూపుతాడని చాలా ఆలస్యంగా తెలిసింది.) నా చొక్కా జేబులో ఎప్పుడూ ఇనుప టేపు ఉండేది. మా అక్క కూతురు నన్ను ‘టేపు మామ’ అని పిలిచేది. అది వెక్కిరింపు అని ఊరంతటికీ తెలుసు. నాకు మాత్రం బిరుదులా వినపడేది.

మా అక్కకు చర్చి ఆవరణలో పని. ఊడవడం, మొక్కలకు నీళ్లు పట్టడం, అన్నిటికంటే ముఖ్యంగా చర్చి ముందున్న పచ్చికను కోయడం. చూడటానికని గడ్డిని పెంచి, చూడటానికని దాన్ని కోసే చోటు మా వైపు అదొక్కటే. తక్కిన గడ్డి అంతా ఏదో ఒక నోటికోసం పెరిగేది. కోయడానికి దొరల కాలం నాటి చేతి మిషన్ ఉండేది. రెండు ఇనుప చక్రాలు, వాటి మధ్య గుండ్రంగా తిరిగే కత్తులు, నెట్టడానికి పొడవాటి కర్ర పిడి. నెడితే కటకటమంటూ కోసుకుంటూ పోయేది, ఆపితే ఆగేది. పాత రోజుల నుంచీ ఒక ఒప్పందం ఉంది, కోసినవాళ్లదే గడ్డి. అక్క బర్రె ఆ గడ్డి మీదే బతికేది, అక్క ఇల్లు ఆ బర్రె మీద బతికేది. బావ లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో లారీకే తెలియాలి. అందుకని అక్క ప్రతిసారీ కోతను వారం పది రోజులు ఆలస్యం చేసేది. చర్చికి పొట్టి గడ్డి కావాలి, బర్రెకు పొడుగు గడ్డి కావాలి. ఆ ఇద్దరి మధ్య ఇన్నేళ్లు రాజీ నడిపిన మనిషి మా అక్క.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. గడ్డి పిక్కలు దాటింది. సరిగ్గా అప్పుడే అక్క పాకుడు బండ మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. దవాఖానలో మోచేతి దాకా సిమెంటు కట్టు వేసి పంపారు. ఆ శనివారమే పచ్చిక మీద షామియానా వేసి సంఘంలోని వాళ్ల పెళ్లి. గురువారం పొద్దున పాస్టరయ్య స్వయంగా మా వాకిట్లోకి వచ్చాడు.

“నిన్ను తప్పు వడుతలేను చెల్లే. చెయ్యి గట్లుంటె నువ్వేం జేస్తవు? పక్కనున్న మనూరు గ్రామంల ఒకాయన దగ్గర పెట్రోల్ మిషన్ ఉందంట. రేపు పొద్దుగూకేదాక జూస్త. గడ్డి గట్లనే ఉంటె ఆయనను పిలుస్త. ఒకసారి ఒప్పుకుంటె ఇగ ఎప్పటికి ఆయనే జూస్కుంటడు.”

ఆయన మర్యాదగానే చెప్పాడు. కానీ ఆయన వెళ్లాక అక్క కట్టు వేసిన చేతిని ఒళ్లో పెట్టుకుని బర్రె వంక అదే పనిగా చూస్తూ కూర్చుంది. ఆ గడ్డి పోతే బర్రెను సంతకు తోలాల్సిందే. అప్పుడు అక్క కూతురు అంది, “నేను కోస్త.” దానికప్పుడు పదకొండేళ్లు నిండలేదు. బక్కపల్చగా, పెద్ద కళ్లతో, రెండు జడలతో ఉండేది. కొడవలి పట్టడం వచ్చు. మిషన్‌ను మాత్రం అక్క ఎన్నడూ ముట్టనివ్వలేదు. (దుకాణం పని అయ్యాక నేను కోస్తానన్నాను. ఇద్దరూ నా వంక చూసి, వెంటనే వేరే మాటల్లో పడ్డారు.)

“పిల్లకు ఇయ్యొచ్చా, ఇయ్యొద్దా? నాకు సమజైతలేదు,” అంది అక్క. “నువ్వు అన్నిటికి లెక్క జెప్తవు గద. దీనికి గూడ జెప్పు.”

ఎవరూ అడగని లెక్కలే ఉత్సాహంగా చెప్పేవాణ్ని. అడిగి చెప్పమంటే ఊరుకుంటానా? దుకాణానికి సెలవు చెప్పి వంద మార్కులకు పరీక్ష తయారు చేశాను. ఎత్తుకు కొన్ని, బలానికి కొన్ని, నిలకడకు కొన్ని. డెబ్బై వస్తే పాస్. మొదట టేపు తీసి పిల్ల ఎత్తు కొలిచాను. మిషన్ పిడి దాని గడ్డం దాకా వచ్చింది. నా లెక్కలో పిడి ఛాతీ దాటకూడదు. తర్వాత బోరింగు దగ్గర నుంచి నిండు బిందెలు మోయించాను. చివరగా నిలకడ. నేల మీద ముగ్గుపిండితో గీత గీసి, దాని మీద నడుస్తూ పందొమ్మిదో ఎక్కం చెప్పమన్నాను.

“గడ్డికి ఎక్కాలెందుకు మామా?”

“మనసు ఒకచోట, కాళ్లు ఒకచోట ఉంటయా లేవా చూడాలె.”

“నా మనసు గడ్డి మీదనె ఉంది. నువ్వే పందొమ్మిది కాడ నిలవడ్డవు.”

మొత్తం కూడితే అరవై నాలుగు వచ్చింది. ఫెయిల్ అని చెప్పడానికి నాకు నిజంగానే బాధ కలిగింది. అయినా లెక్క లెక్కే. పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఎత్తుకు ముప్పై మార్కులు వెడితివి. నేను పెరిగేదాక పెండ్లి ఆపుతరా? పో, గా పెండ్లికొడుకుకు నువ్వే జెప్పు పో!” అక్క చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు. తర్వాత నెమ్మదిగా అంది, “మార్కులు సరె తమ్మీ. గా మిషన్ నడిచినప్పుడు ఎవలైన మంచిగనె ఉంటరు. ఆగినప్పుడు ఏం జేస్తరో జూడాలె. అది జూసినవా?” నా పరీక్షలో అలాంటి ప్రశ్న లేదు. కానీ ఒప్పుకోవడం ఇష్టం లేక, అది తర్వాతి ఘట్టం అన్నాను.

మధ్యాహ్నం ముగ్గురం చర్చి దగ్గరికి వెళ్లాం. అక్క మెట్ల మీద కూర్చుంది. పిల్లకు చూపిద్దామని ముందు నేనే మిషన్ పట్టుకున్నాను. మిషన్ వెడల్పుకూ పచ్చిక వెడల్పుకూ ఎన్ని వరుసలు వస్తాయో ముందే తేల్చి ఉంచాను. మొదటి వరుసలోనే గడ్డి కత్తుల కింద తెగకుండా పడుకుంది. ఇంకా బలంగా నెట్టాను. తడి గడ్డి కత్తులకు చుట్టుకుని మిషన్ బిర్రబిగుసుకుపోయింది. మళ్లీ నెట్టాను. చక్రాన్ని చెప్పుకాలితో తన్నాను. చక్రానికేం కాలేదు, నా బొటనవేలు మాత్రం చాలా కాలం జ్ఞాపకం పెట్టుకుంది. కోపం నెత్తికెక్కి, వంగి, ఇరుక్కున్న గడ్డిని లాగుదామని కత్తుల మధ్యలోకి చెయ్యి పెట్టబోయాను.

“చెయ్యి తియ్యి మామా!”

పిల్ల అరిచిన అరుపుకు చర్చి గంట దగ్గర పావురాలు లేచిపోయాయి. పరుగెత్తుకొచ్చి నా చెయ్యిని అవతలికి కొట్టింది. “పిస లేసిందా నీకు? ముందుగాల బండిని ఎల్లెలుకల పండవెట్టాలె,” అంటూ పిడి పట్టుకుని మిషన్‌ను తిరగేసింది. పక్కన పడి ఉన్న వేప పుల్ల తీసుకుని దూరంగా కూర్చుని, గడ్డిని కొంచెం కొంచెంగా పొడిచి తీసింది. తొందరపడలేదు, విసుక్కోలేదు. గడ్డి ఉండ వెనక చిన్న రాయి ఒకటి కనపడింది. పుల్లతో దాన్ని నెట్టగానే కత్తులు ఉన్నట్టుండి చటుక్కున తిరిగాయి. వేప పుల్ల కొస తెగి ఎగిరిపడింది. ముగ్గురం దాని వంక చూశాం. నా చూపుడు వేలు కంటే కాస్త లావుగానే ఉందది. (ఆ ఒక్క వస్తువును మాత్రం నేను టేపుతో కొలవలేదు.)

“ఇది నీకు ఎవలు నేర్పిన్రే?” అని అడిగింది అక్క.

“నువ్వే. కోసినప్పుడల్ల జూస్తుంటి గద. నన్ను ముట్టనియ్యవు గని, చూడొద్దంటివా?”

అక్క ఎడమ చేత్తో బిడ్డ నుదుటి మీది చెమట తుడిచి, “పైలం,” అంది. జాగ్రత్తగా కొయ్యమన్న ఆ ఒక్క మాటతో పరీక్ష ముగిసిపోయింది.

ఆ తర్వాత దాని పని చూడాలి! గడ్డి ఇంత పొడుగుంటే మిషన్‌కు లొంగదని ముందు కొడవలి తెచ్చింది. నాకు ఆ సమయానికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. బర్రెను పచ్చిక మధ్యలో మేకుకు కట్టేస్తే తాడు పొడవును బట్టి చక్రాకారంగా మేస్తుంది కదా, మేకు జాగాలు నేను లెక్కగట్టి ఇస్తానని చెప్పాను. “మేసిన బర్రె ఊకె ఉంటదా మామా? పెండ్లిపిల్ల పెండల అడుగువెడుతదా?” అంది. వృత్తాల మీద నా ఆలోచన అక్కడే ఆగిపోయింది. చీకటి పడేదాకా కొడవలితో పైగడ్డిని కోస్తూ పోయింది. నేను మోపులు కట్టి మోశాను. శుక్రవారం తెల్లారగానే వస్తుందనుకుంటే రాలేదు. మంచు తడి ఆరాక వచ్చింది. ముందు పచ్చికంతా తిరిగి రాళ్లూ పుల్లలూ ఏరింది. తర్వాత మిషన్ పట్టుకుంది. పిడి గడ్డం కిందికే వచ్చింది. అది చేతులు వంచి, భుజాలతో నెట్టే ఉపాయం కనిపెట్టింది. నాలుగు వరుసలకొకసారి ఆగి, బండిని తిరగేసి, పుల్లతో దులిపి, మళ్లీ సాగింది. ఎవరూ చెప్పకపోయినా ఒక్కసారి కూడా చెయ్యి లోపల పెట్టలేదు. పెద్దవాళ్లలో కూడా అంత ఓర్పును నేను అప్పటికి చూసి ఉండలేదు.

పొద్దుగూకే ముందు పాస్టరయ్య వచ్చాడు. పచ్చిక అంచున నిలబడి చాలాసేపు చూశాడు. చెప్పులు విడిచి ఒక అడుగు వేసి, “మనూరాయనకు వద్దని కబురు వెడుత,” అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగి, “గని చెల్లే, గడ్డిని ఇంకోసారి గంత పెరగనియ్యకు.”

“గా మాట బర్రెకు జెప్పున్రి అయ్యగారూ,” అంది అక్క. ఆయన కూడా నవ్వేశాడు.

పెళ్లి రోజున మా పిల్ల కొత్త గౌను వేసుకుని పచ్చికకు కాపలా కాసింది. కుర్చీలు ఈడ్చినవాళ్లను, వాళ్లెంత పెద్దవాళ్లైనా సరే, “లేపి పెట్టున్రి, ఈడ్వకున్రి” అని గద్దించింది. పెళ్లికొడుకు తరఫు పెద్దాయన ఒకరు అడిగారు, “జంపఖాన పరిచినట్టుంది. ఎవలు కోసిన్రు బిడ్డా?”

పిల్ల నా వంక చూసింది. నా బొటనవేలికి కట్టు ఇంకా అలాగే ఉంది. “మా మామ లెక్క జెప్పిండు. నేను కోసిన,” అంది.

నా లెక్క ఏమిటో ఆ పెద్దాయన అడగలేదు, నా అదృష్టం. అడిగి ఉంటే, ఈ పిల్ల పనికి రాదని అరవై నాలుగు మార్కులతో తేల్చిన లెక్క ఒక్కటే నా దగ్గర ఉంది. అయినా ఆ నిమిషంలో నేను ఆ మాటను పూర్తిగా నమ్మేశాను. సగం పచ్చిక నావల్లే నున్నబడ్డట్టు ఛాతీ విరుచుకుని దాని పక్కన నిలబడ్డాను. అప్పటి ఆ కుర్ర టేపు మామను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. పదకొండేళ్లు నిండని పిల్ల తన కష్టంలో నుంచి సగం తీసి చేతిలో పెడితే, అది తన వాటాయే అనుకుని పుచ్చుకున్నాడు పాపం!