గుండోడి తలుపు

మా పిన్నమ్మ పోయిందని గురువారం పొద్దున చిన్నాయన ఫోను చేశాడు. అప్పుడు నేను చంద్రగిరి బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. "పాపా, మీ పిన్నమ్మ ఇంక లేదమ్మా. నిద్దర్లోనే పోయింది" అన్నాడు. బోర్డు మీద సగం చేసిన లెక్క అలాగే వదిలేసి తిరుపతి బస్సెక్కాను. దారి పొడవునా ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో చెబితే మీరు నవ్వుతారేమో, నవ్వినా సరే. జపానులో ఎక్కడో ఉన్న ఒక వీడియో గేముల కంపెనీ మీద.

పిన్నమ్మ పుట్టిల్లు నగరి, మగ్గాల ఇల్లు. తొంభైల నడుమ చిన్నాయన తిరుపతిలో తమ ఇంటి ముందుగదిలో రెండు టీవీలు పెట్టి వీడియో గేముల అంగడి తెరిచాడు. ఆయన మొదలుపెట్టి వదిలేసిన పనులన్నీ చివరికి ఆమె పాలబడేవి. ఇదీ అంతే. మొదట క్యాసెట్లకు పట్టిన దుమ్ము తుడిచేది. తర్వాత పిల్లల వెనక నిలబడి చూసేది. ఒకరోజు పిల్లలంతా బడికి పోయాక, కుక్కరు పొయ్యి మీద పెట్టి, తనే రిమోటు పట్టుకుని కూర్చుంది. ఆ రోజు మూడు విజిళ్ళు కాదు, పప్పు మాడిన వాసన వచ్చేదాకా లేవలేదు.

ఆ గదిలో ఆడే ఆడవాళ్ళం ఇద్దరమే, ఆమె, నేను. నేను ఎప్పుడూ ఓడిపోయేదాన్ని. "నీకు చేతులుండాయి గానీ కన్ను లేదు మే. పోగు తెగకముందే కనిపెట్టాల. తెగినాక సూసేదానికి ఎవురైనా సూస్తారు" అనేది. ఇప్పుడు నా పిల్లలు లెక్కలో తప్పు దారి పట్టబోతుంటే నేనూ ఆ మాటే అంటాను. వాళ్ళకు అర్థం కాదు. నాకూ అప్పట్లో కాలేదు.

ఆమెకు ఒక్క ఆట మీదే ప్రాణం. నున్నటి గుండుతో ఒక చిన్న మనిషి రాతి మెట్లెక్కుతూ పోతుంటాడు. మా ఊళ్ళో గుండు చూస్తే ఎవరికైనా ఏం గుర్తొస్తుంది? పిల్లలు వాడికి గుండోడని పేరు పెట్టేశారు. నలభై మెట్లు, మెట్టుకొక గండం. ఒకచోట బండ దొర్లుతుంది, ఒకచోట కాకి పొడుస్తుంది, ఒకచోట మెట్టే ఊడిపోతుంది. అన్నీ దాటితే పైన ఒక తలుపు. మా వీధిలో ఆ తలుపు దాకా పోయింది పిన్నమ్మ ఒక్కతే. పోయి ఏం లాభం? తలుపు కొంచెం తెరుచుకోగానే టీవీ నిండా రంగు చారలు వచ్చి ఆట బిగుసుకుపోయేది. అది కాపీ క్యాసెట్టు, చివరి ముక్క సరిగా ఎక్కలేదు. లోపల నిధి ఉందని ఒకడు, రాక్షసుడున్నాడని ఇంకొకడు పోట్లాడుకునేవాళ్ళు. "వాళ్ళమ్మ అన్నం పెట్టుకోని కూర్చోనుంటాదిరా. అంత ఎక్కినోడికి ఆకలి కాదా?" అనేది పిన్నమ్మ. ఆట బిగుసుకుపోతుందని తెలిసీ మర్నాడు మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కేది.

తర్వాత వీధికొక నెట్ సెంటర్ వచ్చింది, అంగడి మూతపడింది. టీవీలు పోయాయి. గుండోడి క్యాసెట్టు మాత్రం వంటింటి అలమరలో పోపు డబ్బాల వెనక ఉండిపోయింది. ఆమెకు షుగరు ముదిరి కిడ్నీలు చెడ్డాయి. మంగళవారం, శుక్రవారం ఆసుపత్రిలో డయాలసిస్.

ఆ రోజుల్లోనే నేను మద్రాసు నుంచి ఒక కొత్త గేమ్ యంత్రం తెప్పించాను. పాత ఆటలను ఇంటర్నెట్టులో కొని దించుకునే వీలు దానికి ఉంది. ప్రతి వారం కొన్ని ఆటలు కొత్తగా చేరతాయి. మాకు ఆ జాబితా మంగళవారం పొద్దునకు కనబడేది. పిన్నమ్మకు చూపిస్తే మొదటి ప్రశ్నే, "మన గుండోడుండాడా?"

ఏ పేరుతో వెతకాలి? కాపీ చేసినవాళ్ళు ఆట పేరు, కంపెనీ పేరు రెండూ చెరిపేశారు. క్యాసెట్టు మీద ఉన్నది పిన్నమ్మ రాసి అంటించిన కాగితం ఒక్కటే, 'గుండోడు' అని. నెలల తరబడి వెతికాను. చివరికి పాత ఆటల పిచ్చివాళ్ళు మాట్లాడుకునే చోట గుండు, మెట్లు, కాకి అంటూ వర్ణించి రాస్తే, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి అసలు పేరు చెప్పాడు. తలుపు తెరుచుకునే వీడియో కూడా పంపాడు. నేను చూశాను.

చిక్కు ఎక్కడంటే, అది యంత్రం చేసిన కంపెనీ ఆట కాదు, బయటి కంపెనీది. యంత్రం వాళ్ళు తమ ఆటలు తాము పెట్టుకుంటారు. బయటివాళ్ళవి కావాలంటే ఆ బయటివాళ్ళు ఒప్పుకోవాలి. కొందరు ధారాళంగా ఇచ్చారు, కొందరు ఒకటీ అరా విదిల్చారు. ఈ కంపెనీ ఒక్కటీ ఇవ్వలేదు.

ఇదంతా చెబితే పిన్నమ్మ మొహం చిన్నబోయింది. "అంటే ఇన్నేండ్లు నేను దొంగసొత్తు ఆడించినానా?" అంది. నెట్లో దొంగ కాపీ ఉంది, అయిదు నిమిషాల్లో దించేస్తానన్నాను. "అప్పుడు తెలీక సేసినాను. తెలిసి సేసేదా? వాళ్ళనే అడుగు. మర్యాదగా అడిగితే ఎందుకియ్యరు?" పోనీ వీడియో చూడమన్నాను. "ఎవురో తెరిస్తే నేను సూసేదేంది? లోపలేముందో సెప్పబాకు. నేనే తెరుస్తా."

ఆమె చెబుతుంటే నేను ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. "అయ్యా, మీ ఆట మా వీధి పిల్లోళ్ళంతా ఆడినారు. అది మీదని తెలీదు, తప్పయింది. ఇప్పుడు కొనుక్కుంటాము. దయచేసి పెట్టండి." మూడు ఉత్తరాలకు ఒక్క జవాబు వచ్చింది, రెండు వాక్యాలు. మీ ఆసక్తికి కృతజ్ఞతలు, ప్రస్తుతం అలాంటి ఉద్దేశం లేదు. నేను ఆమెకు "ఆలోచిస్తా ఉండారంట" అని చెప్పాను. "ఆలోచించనీలే. పెద్దోళ్ళు, వాళ్ళకు మనమొకరమేనా?" అంది. ఆ కంపెనీని ఆమె ఒక్క మాట అననివ్వలేదు. కాళ్ళు పట్టుకుందామన్నా ఆ కాళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలియదు. డాక్టర్ల దగ్గరా నా పరిస్థితి అదే. రెండు చోట్లా అడగడం, చేతులు కట్టుకుని నిలబడడం, అంతే.

ఏడాదిన్నర పాటు ప్రతి మంగళవారం పొద్దున జాబితా చూడడం, సాయంత్రం బడి వదిలాక ఆసుపత్రికి పోయి రాలేదని చెప్పడం. "వచ్చే వారం సూద్దాంలే" అని ఆమే నన్ను ఓదార్చేది.

పోయిన మంగళవారం మాత్రం ఆ మాట అనలేదు. "వాళ్ళియ్యరు గదా పాపా?" అంది. అబద్ధం నోటి దాకా వచ్చింది గానీ ఈసారి ఆడలేకపోయాను. ఇవ్వరన్నాను. "అయితే నువ్వే సెప్పు. తలుపులో ఏముండాది?"

వెంటనే చెప్పేసి ఉంటే సరిపోయేది. కానీ ఊరికే తలుపు దగ్గర దించేస్తే ఆమెకు తృప్తి ఉండదనిపించింది. ఎక్కి పోదాం పిన్నమ్మా అని మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాను. సూది లేని చేయి నా అరచేతిలో పెట్టింది. నేను బండ అంటే ఆమె బొటనవేలు నొక్కేది, కాకి అంటే పక్కకు జరిగేది. ఒక్కటీ తప్పలేదు.

తలుపు వెనక ఏముందో మీకు చెప్పను. ఆమెకు చెప్పనిది ఇంకెవరికీ చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు.

ముప్పై రెండో మెట్టు దగ్గర వేలు ఆగింది. చూస్తే నిద్రపోయింది. అలసిపోయింది పాపం, మిగతా ఎనిమిది మెట్లు శుక్రవారం ఎక్కిద్దాంలే అనుకుని, ఆమె చేయి మెల్లగా తీసి దుప్పటి కింద పెట్టాను.